సెకనుకు పన్నెండు బొమ్మలు

సార్ పోయారన్న సంగతి మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్న ఎనిమిదింటికి ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కాను. మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరికింది. కూచుని ఫోన్ తీస్తే వరసగా దండం పెట్టే చేతులు, ఓ పాతిక. "గొప్ప గురువు" అని ఒకడు, "లెజెండ్" అని ఇంకొకడు. అరగంట కాలేదు, అదే గ్రూపులో ఎవడో ఇబ్రహీంపట్నం దగ్గర ప్లాట్లున్నాయని ఫార్వర్డ్ పెట్టాడు. దానికీ ఒకడు దండం పెట్టాడు. ఛీ, ఏం మనుషుల్రా మీరు అనుకున్నాను. మరి నేను చేసిందేమిటి? దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ వచ్చింది, సార్ ఇంటికి పోవాలంటే అక్కడే దిగాలి, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, నేను కదల్లేదు. ఆ రోజు సాయంత్రానికి ఒక షాట్ ఇచ్చేయాలి. ఆఫీసుకే పోయాను.

నా పనిని రోటో అంటారు. హీరోగారు ఎక్కడో ఖాళీ స్థలంలో గెంతుతాడు, తెర మీద ఆయన వెనక మంచుకొండలు కావాలి. ఆయన ఒంటి చుట్టూ, వేలు వేలు చుట్టూ, జుట్టు చుట్టూ, ఒక్కో ఫ్రేముకీ గీత గీసి వెనక ఉన్నదాన్నుంచి ఆయన్ని విడదీయాలి. పదిహేనేళ్ళుగా అదే పని. మెడ నా మాట వినడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు గీత మెషినే గీస్తుంది, మెషిను చేసిన తప్పులు నేను దిద్దుతాను. పని తేలికైందట, మా మేనేజర్ చెప్పాడు. ఎవరికి తేలికైందో ఆయనకే తెలియాలి.

ఈ గీత గీయడం నాకు నేర్పింది సారే. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర గాజుల షాపు మీద మూడో అంతస్తులో ఉండేది మా యానిమేషన్ క్లాసు. మెట్లెక్కేటప్పుడు రెండో అంతస్తులో స్పోకెన్ ఇంగ్లీషు వాళ్ళు ఒకే వాక్యాన్ని అరవైమంది కలిసి అరిచేవాళ్ళు. సార్ పొట్టి మనిషి. టక్ చేసిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, జేబులో పెన్నుకి బదులు మూడు అరిగిపోయిన పెన్సిళ్ళు. వేళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. బల్ల మీద, బస్సు రాడ్డు మీద, టీ గ్లాసు మీద ఎప్పుడూ దరువే. "సార్, జర ఆపుండ్రి, గ్లాసు పగుల్తది" అని టీ కొట్టాయన రోజూ మొత్తుకునేవాడు. ఆయన నవ్వి వేళ్ళు మడుచుకునేవారు. రెండు నిమిషాలకి బొటనవేలు మళ్ళీ మొదలయ్యేది.

కోర్సులో చేరింది మేమంతా త్రీడీ నేర్చుకుని పెద్ద స్టూడియోలో కూచుందామని. ఈయన మొదటి రోజే తెరమీద నలుపూ తెలుపూ కార్టూన్ వేశారు. ఏడెనిమిది నిమిషాల బొమ్మ, ఎప్పుడో మా తాతలు నిక్కర్లేసుకున్న కాలంలో అమెరికాలో తీసింది. మొదట నిజం మనుషులు కనిపిస్తారు. నల్లవాళ్ళ జాజ్ బ్యాండు, బాకాలు, డ్రమ్ములు, ముందు తెల్లకోటు వేసుకుని ఒకాయన ఒళ్ళంతా ఊపుతూ పాట అందుకుంటాడు. అంతలో మనుషులు పోయి బొమ్మలొస్తాయి. అదే పాటకి ఇల్లు ఊగుతుంది, కుండ ఊగుతుంది, చంద్రుడు ఊగుతాడు. దయ్యమో జంతువో తెలియని ఆకారం ఒకటి వచ్చి అచ్చం ఆ పాటగాడిలాగే నడుస్తుంది.

"ఎట్ల నడుస్తుంది చూసిండ్రా?" అన్నారు సార్. "గా పాటాయన నడకను ముందుగాల కెమెరాల పట్టిండ్రు. తర్వాత ఆ ఫిలిం మీద కాయితం పెట్టి, ఒక్కొక్క బొమ్మ దించిండ్రు. మనిషి పోయిండు, ఆయన పెయ్యి పోయింది. నడక ఉన్నది, చూడుండ్రి."

నల్గొండ నుంచి వచ్చిన ఒకబ్బాయి లేచి, "సార్, గీ నల్లతెల్ల బొమ్మలతోని నౌకరీ ఒస్తదా?" అని అడిగాడు.

"రాదు. కూసో, చూడు."

ఇదీ వరస. ప్రతి శనివారం ఒక బొమ్మ. అందరం కుర్చీల్లో వాలిపోయి చూస్తే ఆయన మాత్రం తెర పక్కన నిలబడే చూసేవారు, ఎన్నడూ కూచోలేదు. పాటకి మడమ ఎక్కడ లేస్తుందో, నడుము ఎక్కడ విరుగుతుందో స్కేలుతో చూపించేవారు. "ముందుగాల పాట, తర్వాతనే గీత" అనేవారు. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెడితే సెకనుకి పన్నెండు బొమ్మలు. ఆ పన్నెండులో ఒకటి తప్పితే కన్ను పట్టేస్తుందని చెప్పి, కావాలని ఒకటి తీసేసి చూపించేవారు. నిజంగానే పట్టేసేది.

ఒక్కో బొమ్మలో ఒక చోట ఆపేవారు. అంతసేపూ ఆ పాటకి, ఆ నడకకి మురిసిపోయి గీసినవాళ్ళే, ఉన్నట్టుండి ఆ వాయించేవాళ్ళని అడవి మనుషుల్లా గీసేవారు. ఇంతింత పెదాలు, మిడిగుడ్లు, నడుముకి ఆకులు. మేం నవ్వేవాళ్ళం. సార్ నవ్వేవారు కాదు. ఫ్రేము అక్కడే ఆపి, "పాట కావాలె. నడక కావాలె. మనిషి ఒద్దు" అనేవారు. తర్వాత ఆ నిలిచిన ఫ్రేములో వెనక వరస చూపించేవారు. "గీ డ్రమ్ము కొట్టేటాయన పేరు చెప్పుండ్రి ఎవరన్నా. నేను చానా ఎతికిన. దొర్కలే."

ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళనీ అడిగేవారు. "మీ ఇంట్ల పెండ్లి క్యాసెట్ ఉన్నదా అమ్మా? బ్యాండు పెట్టిండ్రా పెండ్లికి?"

నేను ఇంటికొచ్చి చెప్తే మా నాన్న పేపరు దించాడు. మాది తెనాలి వైపు, వనస్థలిపురంలో స్థిరపడ్డాం. "పెళ్ళికాని పిల్లని పెళ్ళి క్యాసెట్టు అడిగాడా? ఏం మాస్టరే వాడు? ఫీజు వెనక్కిస్తాడేమో కనుక్కో."

విషయం తర్వాత తెలిసింది. సార్ వాళ్ళ నాన్న సరూర్‌నగర్‌లో బ్యాండు మాస్టరు. క్లారినెట్ వాయించేవాడు. ఊరేగింపులో పెళ్ళికొడుకు వైపు తిరిగి, వీధి వీధంతా వెనక్కి నడుస్తూ వాయించేవాడట. "గుంతొచ్చినా, బర్రె అడ్డమొచ్చినా మెడ తిప్పకపోతుండె. వేళ్ళ మీదనే నడక, మడిమె కిందికి ఆనకపోతుండె" అని చెప్తూ సార్ క్లాసులోనే నాలుగడుగులు వెనక్కి నడిచి చూపించబోయి డస్ట్‌బిన్ మీద పడ్డారు. అప్పుడు మేమూ నవ్వాం, ఆయనా నవ్వారు. "చూసిండ్రా, నాకు రాదు" అన్నారు.

ఆ నాన్న చనిపోయాక గాని ఈయనకి తోచలేదు, ఆ పాటగాడి నడక దించినట్టే తన నాన్న నడకా దించుకోవచ్చని. ఇంట్లో ఉన్నవి కూచున్న ఫోటోలు. నడిచేది కావాలి, తల నుంచి కాలి దాకా, కనీసం రెండడుగులు. ఎల్బీ నగర్ నుంచి మలక్‌పేట దాకా ఆయన వాయించని వీధి లేదు కదా, ఎవరో ఒకరి పెళ్ళి వీడియోలో పడకపోతాడా అని వెతుకుడు. కానీ పెళ్ళి వీడియో తీసేవాడు బ్యాండుని ఎందుకు తీస్తాడు? బ్యాండు కనపడగానే కెమెరా పెళ్ళికొడుకు మీదికి తిరిగిపోతుంది. ఏళ్ళ తరబడి వెతికితే సార్‌కి దొరికినవి ఒక మోచెయ్యి, జరీ టోపీ, సగం క్లారినెట్, ఒక బూటు, ఎర్రకోటు ఎడమ భుజం మీద తెగిపోయిన కుచ్చు. అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకున్నారు. ఫోల్డర్ పేరు "నాయిన". మాకూ చూపించారు, మీ క్యాసెట్లలో కనిపిస్తే గుర్తుపట్టమని.

మా పిన్ని పెళ్ళి వనస్థలిపురంలోనే, కాలనీ గ్రౌండులో షామియానా వేసి చేశారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బీరువా అడుగున క్యాసెట్ ఉంది. కొత్తపేటలో ఒక షాపులో సీడీ చేయించి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకున్నాను. ఊరేగింపులో ఏమీ లేదు, మామూలే. భోజనాల దగ్గర దొరికింది. ఆ వీడియోవాళ్ళకి అదో సరదా కదా, ముద్ద నోట్లో పెట్టుకుంటున్న మొహాల్ని వరసబెట్టి తీయడం. అట్లా తీస్తూ తీస్తూ కెమెరా బంతి చివర ఆగింది. ఆ చివర కూచుని ఉన్నాడు ఎర్రకోటు ఆయన. ఒళ్ళో క్లారినెట్. ముందు విస్తరి వేసి ఉంది, ఇంకా ఏమీ వడ్డించలేదు. ఎడమ భుజం మీద తెగిన కుచ్చు.

అప్పుడు ఒకాయన వచ్చాడు. పట్టుపంచె, కండువా, నల్లటి మీసం. ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడదు, దాని మీద వీడియోవాడు సినిమా పాట వేసేశాడు. ఎర్రకోటాయన లేచాడు. పట్టుపంచె ఆయన భుజం పట్టి తోస్తేనే లేచినట్టుంది. తర్వాత ఎర్రకోటాయన క్లారినెట్ చంకలో పెట్టుకుని, తెరకి ఈ చివరి నుంచి ఆ చివరికి, తల నుంచి బూట్ల దాకా కనిపిస్తూ నడిచి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే ముందు గంతేశాను. దొరికింది, సార్‌కి నడక దొరికింది! రెండోసారి చూసినప్పుడు తోసినాయన మీసం మీద కన్ను పడింది. మా నాన్న.

మా నాన్న చెడ్డవాడు కాదు. ఈ మాట చెప్పకుండా ముందుకి పోలేను. నాకు టైఫాయిడ్ వస్తే పదకొండు రోజులు దవాఖానలో బల్ల మీద పడుకున్న మనిషి. ప్రతి గురువారం గుళ్ళో అన్నదానానికి బియ్యం పంపే మనిషి. బ్యాండువాళ్ళు అందరూ తిన్నాక, షామియానా వెనక తినాలి, అది మా వాళ్ళలో ఎవరూ మాట్లాడుకోని పద్ధతి. ఆ ఎర్రకోటాయన ముందే కూచున్నాడు. అంతే.

నేనేం చేశానంటే, ముందుదంతా కోసేశాను. లేచి నడవడం మొదలెట్టిన దగ్గర్నుంచి మాత్రమే ఉంచి సార్‌కి ఇచ్చాను. నడక కావాలన్నారు, నడక ఇస్తున్నాను, తప్పేముంది అనుకున్నాను. రెండేళ్ళు ఆయన దగ్గర చదివి అంతటి తెలివితక్కువ పని చేశాను.

సార్ చూశారు. మళ్ళీ చూశారు. మూడోసారికి కుర్చీ లాక్కుని కూచున్నారు. కళ్ళు తుడుచుకుంటారేమో అనుకుని నేను సిద్ధంగా నిలబడ్డాను. ఆయన స్కేలు తీసుకుని తెర మీద కాలు చూపించారు.

"మడిమె ఆనింది చూసినవా బిడ్డా? మా నాయినకు ఆనదు. మెడ కుంగింది. ఊగే చెయ్యి ఊగుతలేదు. గీ నడక ముందు ఎవరో ఏమో అన్నరు." నా వైపు తిరిగారు. "దీనికి ముందు ఏమున్నది?"

"ఏం లేదు సార్. అక్కణ్ణించే ఉంది."

"ఉంటది. ఊర్కెనే ఎవ్వరు గిట్ల నడ్వరు."

ఇంకేమీ అడగలేదు. వారం రోజులు నాకు అన్నం సయించలేదు. నాన్న పక్కన కూచుని టీవీ చూడలేకపోయాను. "ఏమైందే, పరీక్షలా?" అని ఆయన తల మీద చెయ్యి వేశాడు. ఆ సోమవారం క్యాసెట్ మొత్తం తీసికెళ్ళి సార్ బల్ల మీద పెట్టాను.

మొత్తం చూశారు. తోసిన చోట ఆపారు. బల్ల మీద వేళ్ళు ఆగిపోయాయి.

"ఈయనెవరు?"

"మా నాన్న సార్."

క్లాసులో ఎవరూ లేరు. కింద స్పోకెన్ ఇంగ్లీషు వాళ్ళు అరుస్తున్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మా నాయినకు షుగరుండె" అన్నారు. "ఆకలైతే ఆగకపోతుండె. గందుకే కూసున్నట్టున్నడు." తర్వాత బొమ్మలు గీసే లైటు పెట్టె నా ముందుకి తోశారు. "కూసో. నేను మా నాయినను గీస్త. నువ్వు మీ నాయినను గీయి. బొమ్మకు బొమ్మ. నీ మనసులకెళ్ళి ఏం కలపకు. ఏం తియ్యకు."

నెలరోజులు గీశాం, ఎదురెదురుగా కూచుని. అద్దం కింద లైటు, ప్రింటు తీసిన ఫ్రేము, దాని మీద పల్చటి కాగితం. టీ వచ్చేది, చల్లారేది. కోపంగా ఉన్నారా సార్ అని ఒకసారి అడిగాను. "ఉన్నది. గీసేటప్పుడు కోపముంటే గీత వణుకుతది. అయినంక కోపపడుత" అన్నారు. నేను మా నాన్న పంచె కుచ్చిళ్ళు గీశాను, మీసం గీశాను, చెయ్యి చాపడం గీశాను. చూసినప్పుడు భుజం పట్టి తోశాడనే అనుకున్నాను. గీస్తే తెలిసింది. అరచెయ్యి తగల్లేదు. వేళ్ళ కొసలు మాత్రమే, అవీ రెండో మూడో, కోటు గుడ్డకి తగిలీ తగలనట్టు. ఒక మనిషిని లేపడానికి అంత తక్కువగా ముట్టుకోవడం ఎంత కష్టమో గీసినవాళ్ళకే తెలుస్తుంది. గీస్తుంటే నా వేళ్ళూ అట్లాగే ముడుచుకున్నాయి.

ఆ తర్వాత ఇంకో పన్నెండు బొమ్మలున్నాయి, ఒక్క సెకను. దాంతో నాన్న ఫ్రేములోంచి వెళ్ళిపోతాడు. మొదటి దాని మీద కాగితం పెట్టి, నాన్న చెయ్యి ఎటు పోతుందో చూసి, పెన్సిల్ కింద పెట్టేశాను.

నా కట్ట సార్‌కి ఇస్తే ఆయన లెక్కపెట్టారు. "ఇంక పన్నెండు ఉండాలె."

"కెమెరా తిరిగిపోయింది సార్. కనబడట్లేదు."

క్యాసెట్ ఆయన దగ్గరే ఉంది. నేను అబద్ధమాడుతున్నానని ఆ క్షణమే ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. "సరే. అయినప్పుడు ఇయ్యి" అన్నారు.

కోర్సు అయిపోయింది, ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది. ఆ క్లాసు మూతపడింది, అక్కడిప్పుడు ఏదో బ్యాంకు పరీక్షల కోచింగు. సార్ ఇంట్లోనే పిల్లలకి డ్రాయింగు చెప్పుకుంటున్నారని విన్నాను. చూడ్డానికి ఒక్కసారీ పోలేదు. సరూర్‌నగర్ ఎంత దూరం? ఆటో ఎక్కితే పావుగంట. ఒకసారి చైతన్యపురి సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద ఆయనే కనిపించారు, హ్యాండిల్ మీద వేళ్ళతో దరువేస్తూ. "బాగున్నవా బిడ్డా? గీస్తున్నవా?" అన్నారు. గీస్తున్నా సార్ అన్నాను. తల ఊపారు. సిగ్నల్ పడింది. ఆ పన్నెండు సంగతి అడగలేదు. అడగనందుకు ఆయన మీద కోపమొచ్చింది నాకు. నా బుద్ధి అట్లాంటిది.

ఆయన పోయారని తెలిసిన సాయంత్రం వనస్థలిపురం వెళ్ళాను. నాన్నకిప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పెరుగన్నం తింటున్నాడు. "ఎవరే పోయింది?" అన్నాడు.

"మా యానిమేషన్ సార్ నాన్నా."

"పెళ్ళి క్యాసెట్లు అడిగేవాడు, ఆయనేనా? అయ్యో, పెద్ద వయసేం కాదు కదే." నిజంగానే బాధపడ్డాడు. "పిల్లలున్నారా? వెళ్ళి పలకరించిరా, పాపం."

అడుగుదామనుకున్నాను. పిన్ని పెళ్ళిలో బంతి చివర కూచున్నాయన గుర్తున్నాడా నాన్నా అని. గుర్తులేదంటాడని తెలుసు. ఆ మాట వినే ఓపిక లేక, మజ్జిగ పోసి వచ్చేశాను.

ఆదివారం పొద్దున సరూర్‌నగర్ వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ఆయన భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. కూతురు డిగ్రీ చదువుతోంది, ఆ పొట్టి చెయ్యి, ఆ వేళ్ళు అచ్చం ఆయనవే. "డాడీ శిష్యులా అక్కా? డాడీ చేసింది ఒకటున్నది, చూస్తరా?" అని కంప్యూటర్ ముందు కూచోబెట్టింది. "అస్తమానం ఇదే చూసుకుంటుండె. పాట కూడ పెట్టలే."

పాట ముందు కావాలని మా ప్రాణాలు తీసిన మనిషి పాట పెట్టలేదు. తెల్లటి తెర మీద నల్ల గీతలు. ఎర్రకోటాయన కూచుని ఉన్నాడు. మా నాన్న వచ్చాడు. అవి నా గీతలు, ఎక్కడున్నా పోల్చుకుంటాను. వేళ్ళు చాచాడు, కోటుకి తగిలీ తగలకుండా తగిలాయి, ఆయన లేచాడు. అంతే, నాన్న మాయమైపోయాడు. సార్ తలుచుకుంటే ఆ పన్నెండూ ఒక్క పూటలో గీసుకోగలరు. గీయలేదు. ఆ ఒక్క సెకను బ్యాండు మాస్టరు ఒక్కడే నిలబడి, పక్కకి, కొంచెం కిందికి చూస్తూ ఉన్నాడు. తర్వాత మడమలు ఆనించుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల ఆ సెకను దగ్గరికి వెనక్కి తిప్పి ఆపింది.

"ఈడ తాత దేన్ని చూస్తున్నడు అక్కా? నేను డాడీని చానసార్లు అడిగిన. గీసేటోళ్ళు గీస్తరు, అప్పుడు చూద్దువు అంటుండె."

వాళ్ళమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"మా నాన్న చేతిని" అన్నాను. "ముందు వచ్చాడే, ఆయన మా నాన్న. మీ తాతని ముట్టుకున్నాడు కదా, ఆ వేళ్ళని కండువాకి తుడుచుకుంటున్నాడు. మీ తాత చూస్తుండగానే. నేను గీయాల్సింది అదేనమ్మా. గీయలేదు."

ఆ పిల్ల బొమ్మని మొదటి నుంచి మళ్ళీ పెట్టింది. ఈసారి ఆ సెకను వచ్చినప్పుడు ముగ్గురం తాతని చూడలేదు, తాత చూస్తున్న ఖాళీనే చూశాం.